దశమూలారిష్టంలో ఆల్కహాల్: అమ్మ తన రెండేళ్ల నమాజు గురించి అడుగుతోంది

నంద్యాల వాసి | శనివారం, రాత్రి 9:40

అస్సలాము అలైకుం. మా అమ్మకు డెబ్బై ఒక్క ఏళ్లు. మోకాళ్ల నొప్పులు, నడుము నొప్పి. ఒక ఆయుర్వేద వైద్యులు రాసిచ్చిన దశమూలారిష్టం రెండేళ్లుగా తాగుతోంది. పొద్దున నాలుగు చెంచాలు, రాత్రి నాలుగు చెంచాలు, అంతే నీళ్లు కలుపుకొని. నొప్పి కాస్త తగ్గిందనే చెప్పేది.

మొన్న గురువారం రాత్రి, తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి ఆ సీసా తీసి వెనకనున్న సన్న అక్షరాలు పైకి చదివాడు. "స్వయంజనిత ఆల్కహాల్" అని ఉంది, పక్కన శాతం. వాడు ఊరికే చదివాడు. అమ్మ చేతిలో చెంచా మాత్రం అక్కడే ఆగిపోయింది. మందు తిరిగి సీసాలో పోసి, చెంచా మూడుసార్లు కడిగి, సీసాను బియ్యం డబ్బా వెనక పెట్టేసింది. ఆ రాత్రి ఇషా నమాజు చేయలేదు. ఎందుకని అడిగితే, "మత్తు తాగినవాళ్ల నమాజు నలభై రోజులు అంగీకరించబడదని చిన్నప్పుడు మౌల్వీ సాబు చెప్పారు. రెండేళ్లలో ఎన్ని నలభైలు ఉంటాయిరా?" అని వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

నేను అడిగేవి రెండు. గడిచిపోయిన రెండేళ్ల మాటేమిటి? ఇకమీదట ఆమె ఏం చేయాలి? తెలిసినవారు దయచేసి చెప్పండి. మూడు రోజులుగా ఆమె సరిగ్గా అన్నం కూడా తినడం లేదు.


సున్నత్ బాట | శనివారం, రాత్రి 10:05

వ అలైకుం అస్సలాం. అమ్మగారు సీసా పక్కన పెట్టడం సరైన పనే. ఖుర్ఆన్ సూరా మాయిదా 90వ ఆయతు (వాక్యం)లో మద్యాన్ని షైతాన్ చేతల్లోని అపరిశుభ్రతగా చెప్పి, దూరంగా ఉండమని ఆదేశించడం జరిగింది. "ఎక్కువ తాగితే మత్తు కలిగించేది కొంచెమైనా హరాం" అన్న హదీసు (ప్రవక్త మాట) అబూ దావూద్, తిర్మిజీ సంకలనాల్లో ఉంది. మందు పేరుతో వచ్చినా అంతే. తారిఖ్ బిన్ సువైద్ (రజి) తాను మద్యాన్ని మందు కోసమే తయారుచేస్తానని చెప్పినప్పుడు, అది మందు కాదు, రోగం అని ప్రవక్త (స) అన్నారు. ఇది సహీహ్ ముస్లింలో ఉంది. నా దృష్టిలో ఆల్కహాల్ ఉన్న ఏ మందునూ ఇంట్లోకి రానివ్వకూడదు.


గుంటూరు తల్లి | శనివారం, రాత్రి 10:31

అన్నా, మీ అమ్మగారి మాట చదివి కళ్లలో నీళ్లు తిరిగాయి. నాదీ ఇలాంటి సందేహమే. మా పాపకు ఆయాసానికి హోమియో చుక్కలు వాడుతున్నాను. ఆ చిన్న సీసా మీద 90 శాతం దాకా ఆల్కహాల్ అని ఉంది. అరిష్టాల్లో పది శాతం లోపే ఉంటుందని విన్నాను, మరి నా బిడ్డకు నేను ఇస్తున్నది దానికి తొమ్మిది రెట్లా?


మందుల కొట్టు | ఆదివారం, ఉదయం 6:50

నమస్కారం. నేను ముస్లింను కాను. ఇరవై రెండేళ్లుగా మందుల దుకాణం నడుపుతున్నాను. మతం సంగతి పెద్దలు చెబుతారు, సీసాలో ఏముందో నేను చెబుతాను.

గుంటూరు అమ్మా, శాతం చూసి భయపడకండి. లోపలికి ఎంత వెళుతోందో చూడండి. ఐదు చుక్కలు వేస్తున్నారనుకున్నా పావు మిల్లీలీటరు కూడా ఉండదు. అది 90 శాతమైనా, కడుపులోకి వెళ్లే ఆల్కహాల్ అంతకంటే తక్కువే. అరిష్టం అలా కాదు. చెంచాకు ఐదు మిల్లీలీటర్ల చొప్పున నాలుగు చెంచాలంటే ఇరవై. ఏడు శాతం అనుకుంటే పూటకు 1.4 మిల్లీలీటర్లు, రోజుకు 2.8. అంటే మీ పాప చుక్కల కంటే నంద్యాల అమ్మగారి చెంచాల్లోనే ఆల్కహాల్ చాలా ఎక్కువ. దగ్గు సిరప్పుల్లో ఆల్కహాల్ ఉన్నవి కొన్ని, లేనివి చాలా. 5 శాతం ఉన్న సిరప్పు ఒక చెంచా తాగితే 0.25 మిల్లీలీటరు.

ఈ మందుల్లోకి ఆల్కహాల్ ఎలా వస్తుందో కూడా తెలుసుకోవాలి. సిరప్పులో దాన్ని బయట నుంచి కలుపుతారు. నీటిలో కరగని మందును కరిగించడానికి, సీసా పాడవకుండా ఉంచడానికి. మన దేశంలో అది ఎక్కువగా చెరకు మడ్డి నుంచి వస్తుంది. అరిష్టంలో ఎవరూ కలపరు. వేర్లతో కషాయం కాచి, బెల్లం, తేనె, ధాతకీ పూలు వేసి, మూత మూసి, నెల రోజులు కదపకుండా ఉంచుతారు. అది లోపలే పులిసి ఆల్కహాల్ పుడుతుంది. స్వయంజనితం అంటే అదే. పచ్చి రసంతో చేస్తే ఆసవం, కాచిన కషాయంతో చేస్తే అరిష్టం. ద్రాక్షాసవం, కుమార్యాసవం, అశోకారిష్టం, అర్జునారిష్టం అన్నీ ఈ కుటుంబమే.

ఇంకొకటి. లోపలికి తీసుకునే అల్లోపతి మందులో ఆల్కహాల్ 3 శాతం గాని, అంతకు మించి గాని ఉంటేనే లేబుల్ మీద శాతం వేయాలని మన నిబంధన. కాబట్టి లేబుల్ మీద లేనంత మాత్రాన అసలు లేదని కాదు. మా దగ్గరకు వచ్చి "ఆల్కహాల్ లేని సిరప్పు ఇవ్వండి" అని అడిగితే ఇస్తాం. అడగడానికి సంకోచం అక్కర్లేదు. తాగుడు మానడానికి మాత్రలు వాడేవాళ్లు, కాలేయం చెడినవాళ్లు రోజూ ఇదే మాట అడుగుతారు.


సున్నత్ బాట | ఆదివారం, ఉదయం 7:20

వివరాలకు ధన్యవాదాలు అన్నగారూ. ఒక్క లెక్క చెప్పండి. ఆ అరిష్టం సీసా మొత్తం ఒకేసారి తాగితే మత్తు వస్తుందా? హదీసు ప్రకారం నాకు ముఖ్యమైన ప్రశ్న అదే.


మందుల కొట్టు | ఆదివారం, ఉదయం 7:34

పెద్ద సీసా 450 మిల్లీలీటర్లు. ఏడు శాతం చొప్పున 31.5 మిల్లీలీటర్ల ఆల్కహాల్. 650 మిల్లీలీటర్ల బీరు సీసాలో, 5 శాతం లెక్కన, 32.5 ఉంటుంది. వస్తుంది.

దగ్గు సిరప్పు అయితే వంద మిల్లీలీటర్ల సీసా అంతా తాగినా 5 మిల్లీలీటర్లే. ఆ మత్తు కంటే ముందు మందే విషమై ఆసుపత్రికి చేరుస్తుంది. రెండింటినీ ఒకే గాటన కట్టవద్దని నా మనవి.


తాలిబె ఇల్మ్ | ఆదివారం, ఉదయం 11:15

అస్సలాము అలైకుం. నేను మద్రసాలో ఫిఖ్ (ఇస్లామీయ ధర్మశాస్త్రం) చదువుతున్న విద్యార్థిని, ముఫ్తీని కాను. చదువుకున్నది చెబుతాను. ఫత్వా మాత్రం మీ ఊరి దారుల్ ఇఫ్తా (ఫత్వాలిచ్చే కార్యాలయం)లో తీసుకోండి.

ముందు అమ్మగారి నమాజు సంగతి, అన్నం మానేశారు కాబట్టి. నలభై రోజుల హదీసు ఉన్నమాట నిజం. అది మద్యమని తెలిసి తాగినవాడికి హెచ్చరిక. అతడు కూడా నమాజు మానేయాలని ఏ పండితుడూ అనలేదు. పుణ్యం దక్కదు కాని విధి మాత్రం తీరుతుందని వివరించారు. అమ్మగారు తాగింది వైద్యుడిచ్చిన మందు అనుకొని. సూరా అహ్‌జాబ్ 5వ ఆయతు చూడండి. పొరపాటున చేసినదానికి మీపై దోషం లేదు, మీ హృదయాలు ఉద్దేశించినదానికే ఉంది అని. పొరపాటును, మరపును, బలవంతాన్ని నా సముదాయానికి అల్లాహ్ మన్నించాడని ప్రవక్త (స) చెప్పిన హదీసు ఇబ్న్ మాజాలో ఉంది. ఆమెకు నలభైలు లెక్కపెట్టాల్సిన పని లేదు. ఈ రోజు జుహర్ నుంచే నమాజుకు నిలబడమనండి. ఈ మూడు రోజుల్లో వదిలేసినవి ఖజా చేసుకోమనండి, అంటే ఇప్పుడు చదివి తీర్చుకోమనండి.

ఇక మందు సంగతి. ఇందులో పండితులు ఒక్క మాట మీద లేరు, ఉన్నారని చెప్పడం నిజాయితీ కాదు. మన ప్రాంతంలో ఎక్కువమంది హనఫీలం, అంటే ఇమాం అబూ హనీఫా ఫిఖ్ శాఖను అనుసరించేవాళ్లం. ఇమాం అబూ హనీఫా (రహ్మ) దృష్టిలో అసలైన ఖమ్ర్ అంటే పులిసి నురగ కట్టిన పచ్చి ద్రాక్ష రసం. ఖర్జూరం, ఎండుద్రాక్ష నుంచి తీసిన మత్తు పానీయాలూ నిషిద్ధమే. ధాన్యం, తేనె వంటివాటి నుంచి వచ్చినది మత్తు రానంత మోతాదులో, విలాసానికి కాకుండా, అవసరానికి వాడితే ఆయన అంత కఠినంగా చెప్పలేదు. ఆయన శిష్యుడు ఇమాం ముహమ్మద్ (రహ్మ) అన్నీ ఒకటేనన్నారు. తాగుడుకు తలుపు తెరుచుకోకూడదని తరవాతి హనఫీ పండితులు ఇమాం ముహమ్మద్ మాటనే ఫత్వాగా తీసుకున్నారు. మన కాలంలో ముఫ్తీ తఖీ ఉస్మానీ వంటివారు, మందుల్లో వాడే ఆల్కహాల్ ఎక్కువగా ద్రాక్ష, ఖర్జూరాల నుంచి రావడం లేదు, జనానికి తప్పించుకోలేని అవసరమూ ఉంది అన్న కారణంతో, మందుల వరకు ఇమాం అబూ హనీఫా ఇచ్చిన వెసులుబాటును తీసుకున్నారు.

మరో ఫిఖ్ శాఖ అయిన షాఫిఈ పండితులది వేరే దారి. ఏమీ కలవని ఒట్టి మద్యం మందుగానూ పనికిరాదు. వేరే మందులో కలిసి తన ఉనికి కోల్పోతే, బదులు దొరకకపోతే, నమ్మకమైన వైద్యుడు చెబితే వాడవచ్చు అన్నారు. జెద్దా కేంద్రంగా ఉన్న అంతర్జాతీయ ఇస్లామీయ ఫిఖ్ అకాడమీ 1986 అక్టోబరులో అమ్మాన్‌లో సమావేశమైనప్పుడు ఈ ప్రశ్న వచ్చింది. ఆల్కహాల్ లేని మందు దొరకనప్పుడు, వృత్తిలో నమ్మకస్థుడైన వైద్యుడు రాసిస్తే, కొంత శాతం ఆల్కహాల్ ఉన్న మందును ముస్లిం రోగి తీసుకోవచ్చని తీర్మానించింది. సున్నత్ బాట సోదరా, "ఏ మందునూ ఇంట్లోకి రానివ్వకూడదు" అన్న మీ మాట ఇంతమంది పెద్దలు ఆలోచించి ఇచ్చిన వెసులుబాటును తీసేస్తుంది.


పిల్లల డాక్టరు | ఆదివారం, మధ్యాహ్నం 2:10

ఈ చర్చ చదివి ఎవరైనా మూర్ఛ మందో, గుండె మందో, ఆయాసం మందో ఈ రాత్రే ఆపేస్తారేమోనని భయంగా ఉంది. ఆపవద్దు. ముందు డాక్టరుకు ఫోను చేయండి. చాలా మందులకు ఆల్కహాల్ లేని రూపం ఉంటుంది. ద్రవం బదులు మాత్ర ఇవ్వవచ్చు, నీటిలో కరిగే మాత్ర ఇవ్వవచ్చు.

బదులు లేని సందర్భాలూ ఉంటాయి. హెచ్ఐవీ ఉన్న పసిపిల్లలకు ఇచ్చే లోపినావిర్, రిటోనావిర్ ద్రావణంలో ఆల్కహాల్ 42 శాతం. ఆ మందులు నీటిలో కరగవు, అందుకని. మాత్ర మింగలేని బిడ్డకు చాలాకాలం అదే దారి. ఆ తల్లిదండ్రులతో "హరాం, ఆపేయండి" అని ఎవరైనా అంటే బిడ్డ ప్రాణం పోతుంది.

అలాగని ఆల్కహాల్ పిల్లలకు మంచిదని కాదు. డాక్టరు చీటీ లేకుండా కొనే ద్రవ మందుల్లో అమెరికా ఔషధ సంస్థ పెట్టిన హద్దు ఇది: ఆరేళ్ల లోపు 0.5 శాతం, ఆరు నుంచి పన్నెండు లోపు 5 శాతం, ఆపైన 10 శాతం. మతం కోసం అడిగినా, ఆరోగ్యం కోసం అడిగినా, "ఇందులో ఆల్కహాల్ ఉందా" అన్నది మంచి ప్రశ్న. మెట్రోనిడజోల్ వాడేవారు ఈ ప్రశ్న తప్పకుండా అడగాలి, రెండూ కలిస్తే వాంతులు, గుండెదడ రావచ్చని మేము హెచ్చరిస్తాం.

గుంటూరు అమ్మా, ఆ చుక్కల్లోని ఆల్కహాల్ గురించి దిగులు వద్దు. మీ పాపకు ఆయాసం అన్నారు, నా దిగులు దాని గురించి. ఇన్‌హేలర్ వాడుతున్నారా? లేకపోతే ఈ వారమే ఎవరికైనా చూపించండి.

నంద్యాల సోదరా, అమ్మగారికి షుగరు ఉందా?


నంద్యాల వాసి | ఆదివారం, మధ్యాహ్నం 3:25

ఉంది సార్, ఎనిమిదేళ్లుగా.

తాలిబె ఇల్మ్ భాయ్, మీరు రాసినదంతా అమ్మకు చదివి వినిపించాను. అహ్‌జాబ్ ఆయతు దగ్గర "మళ్లీ చదువు" అంది. మళ్లీ చదివాను. ఏమీ అనకుండా లేచి వుజూ చేసుకొని కుర్చీలో కూర్చొని జుహర్ చదివింది. తరవాత చారన్నం కలిపి ఇస్తే తినింది. మీ అందరికీ అల్లాహ్ మేలు చేయుగాక.


పిల్లల డాక్టరు | ఆదివారం, మధ్యాహ్నం 3:40

అరిష్టంలో బెల్లం చాలా ఉంటుంది. అమ్మగారికి ఆ కారణంగానూ అది తగదు. రాసిచ్చిన వైద్యులకు షుగరు సంగతి చెప్పారో లేదో కనుక్కోండి.


సున్నత్ బాట | ఆదివారం, సాయంత్రం 5:02

తాలిబె ఇల్మ్ సోదరా, నా మాట తీవ్రంగా ఉందని ఒప్పుకుంటాను. 42 శాతం మందు సంగతి నాకు తెలియదు. అలాంటి బిడ్డ విషయంలో నేను ఆ మాట అనను. కాని మీ వివరణలో ఒక చిక్కు ఉంది. హనఫీ వెసులుబాటు ద్రాక్ష, ఖర్జూరం కానివాటికే అన్నారు. దశమూలారిష్టంలో ద్రాక్ష పడుతుందని విన్నాను. నిజమేనా?


మందుల కొట్టు | ఆదివారం, సాయంత్రం 5:20

నిజమే. సీసా మీద చూశాను. పది వేర్లతో పాటు ఎండుద్రాక్ష, తేనె, బెల్లం ఉన్నాయి. ద్రాక్షాసవంలో అయితే పేరులోనే ఉంది.


తాలిబె ఇల్మ్ | ఆదివారం, రాత్రి 8:45

సున్నత్ బాట సోదరుడు పట్టుకున్నది అసలైన చోటు. పొద్దున నేను సిరప్పును మనసులో పెట్టుకొని రాశాను. అరిష్టం వేరు. పై నుంచి చుక్క కలిపిన మందు కాదు, పానీయమే పులిసింది. ద్రాక్ష ఉంది, ఎక్కువ తాగితే మత్తు ఉంది. సిరప్పుకు వర్తించే మూడు ఆధారాల్లో (వేరే మందులో కలిసిపోవడం, ద్రాక్ష నుంచి రాకపోవడం, మత్తు రాకపోవడం) ఏదీ దీనికి సరిగా అతకడం లేదు.

ప్రవక్త (స) సతీమణి ఉమ్మె సలమా (రజి) ఉల్లేఖనం ఒకటి ఇబ్న్ హిబ్బాన్‌లో ఉంది. ఆమె కూతురికి జబ్బు చేసింది. ఆమె ఒక కూజాలో నబీజ్ (పండ్లు నానబెట్టిన నీళ్లు) పెట్టింది. ప్రవక్త (స) వచ్చేసరికి అది బుడగలు పొంగుతోంది. ఇదేమిటని అడిగారు. నా బిడ్డకు బాగాలేదు, ఆమె కోసం పెట్టానని చెప్పింది. అల్లాహ్ మీకు నిషేధించిన దానిలో మీ స్వస్థతను ఉంచలేదని ఆయన అన్నారు. జబ్బు చేసిన మనిషి, ప్రేమతో నానబెట్టిన తల్లి, పొంగుతున్న కూజా. అరిష్టం కుండకు ఇంతకంటే దగ్గరి పోలిక నాకు దొరకలేదు.

అదే నబీజ్ పులియనప్పుడు ప్రవక్త (స) స్వయంగా తాగేవారు. ఖర్జూరాలో, ఎండుద్రాక్షలో నీళ్లలో నానబెట్టి ఆ రోజు, మరునాడు, మూడో రోజు సాయంత్రం దాకా తాగి, మిగిలితే పారబోయించేవారని సహీహ్ ముస్లింలో ఉంది. మన పల్లెల్లో తాటిచెట్టు తెలిసినవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు. తెల్లవారుజామున దించితే నీరా, ఎండెక్కితే కల్లు. చెట్టు ఒకటే, కుండ ఒకటే, మధ్యలో గడిచిన గంటలే తేడా.

కాబట్టి ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న: అవే వేర్లు పులియకుండా దొరుకుతాయా?


చార్మినార్ నీడ | ఆదివారం, రాత్రి 9:30

దొరుకుతాయి! దశమూల కషాయ చూర్ణం అని ఆయుర్వేద దుకాణంలో అడగండి. మారేడు, గుమ్మడు, వాకుడు, ములక, పల్లేరు వంటి పది మూలికల వేర్ల పొడి. నీళ్లలో మరిగించి వడగట్టి తాగడమే. పులియబెట్టడం లేదు, బెల్లం లేదు. ఏ రోజుది ఆ రోజే కాచుకోవాలి, నిలవ ఉంటే అదీ పాడవుతుంది. సీసాలో నిలవ ఉండడానికి, తాగడానికి సులువుగా ఉండడానికి జనం అరిష్టానికి అలవాటు పడ్డారు.

మా ఇంట్లో మూడు తరాలుగా యునానీ వైద్యమే. చార్మినార్ పక్కన నిజామియా తిబ్బీ కళాశాల ఆసుపత్రిలో కీళ్ల నొప్పులకు మాజూన్ సూరంజాన్ ఇవ్వడం చిన్నప్పటి నుంచి చూశాను. అది తేనెలోనో పంచదార పాకంలోనో కలిపిన లేహ్యం, పులిసినది కాదు. కాని అమ్మగారికి షుగరు కదా, హకీం సాబుకు చెప్పకుండా వద్దు. ఇంకో అపోహ కూడా తీరాలి. యునానీలో అర్క్ అనే పేరు విని సారా అనుకొని మానేసినవాళ్లు నాకు తెలుసు. అర్కె గులాబ్, అర్కె బాదియాన్ అంటే గులాబీ రేకులను, సోంపును నీళ్లలో కాచి ఆవిరి పట్టి దించిన నీళ్లే. అందులో మత్తు లేదు.


దోహా తెలుగు | సోమవారం, ఉదయం 5:15

ఇక్కడ గదిలో ఎనిమిది మందిమి కలిసి చదివాం. ఒక సందేహం. దగ్గు మందు లేబుల్ మీద బెంజైల్ ఆల్కహాల్, సార్బిటాల్ అని ఉంటే అదీ మద్యమేనా? మా తమ్ముడొకడు చర్మానికి రాసే క్రీము మీద సీటైల్ ఆల్కహాల్ అని చూసి పారేశాడు.


మందుల కొట్టు | సోమవారం, ఉదయం 6:40

కాదు తమ్ముడూ. రసాయన శాస్త్రంలో ఆల్కహాల్ అనేది పెద్ద కుటుంబం పేరు. మత్తు కోసం తాగేది అందులో ఇథనాల్ ఒక్కటే. సీటైల్ ఆల్కహాల్ మైనంలా ఉంటుంది. సార్బిటాల్ తియ్యటి పదార్థం. బెంజైల్ ఆల్కహాల్ మందు చెడిపోకుండా వేసేది. లేబుల్ మీద ఇథనాల్ అనో, ఇథైల్ ఆల్కహాల్ అనో, ఏ పేరూ లేకుండా ఒట్టి ఆల్కహాల్ అనో ఉంటేనే మీ ప్రశ్న వర్తిస్తుంది. ఆ క్రీము మళ్లీ కొనుక్కోమనండి.


గుంటూరు తల్లి | సోమవారం, రాత్రి 8:20

డాక్టరు గారూ, పాపను ఈ రోజు చూపించాను. ఇన్‌హేలర్ రాశారు, గొట్టంతో ఎలా పీల్చాలో నేర్పించారు. హోమియో మాట కూడా దాచకుండా చెప్పాను. తాలిబె ఇల్మ్ తమ్ముడూ, చుక్కలు పంచదార గుళికల మీద వేసి ఆరనిచ్చి ఇస్తే ఆల్కహాల్ చాలావరకు ఎగిరిపోతుందని దుకాణంలో చెప్పారు. నిజమే కదా?


తాలిబె ఇల్మ్ | సోమవారం, రాత్రి 9:05

ఎగిరిపోతుందా లేదా అన్నది మందుల కొట్టు అన్నగారు చెప్పాలి అక్కా. ఎగిరిపోతే ఫిఖ్ పరంగా మీకు మరింత తేలిక. "సందేహం కలిగించేదాన్ని వదిలి సందేహం లేనిదాన్ని పట్టుకో" అన్నది తిర్మిజీలోని హదీసు. పాపకు ఇన్‌హేలర్ మాత్రం ఏ సందేహంతోనూ ఆపవద్దు.


మందుల కొట్టు | సోమవారం, రాత్రి 9:12

నిజమే అమ్మా, ఆరితే చాలావరకు పోతుంది. మూత తీసి కాసేపు గాలికి ఉంచండి.


నంద్యాల వాసి | బుధవారం, ఉదయం 7:05

మా వైద్యులను నిన్న కలిశాను. షుగరు సంగతి మేము చెప్పలేదు, తప్పు మాదే. అరిష్టం ఆపి, కషాయ చూర్ణం రాశారు. రెండు చెంచాల పొడి, రెండు గ్లాసుల నీళ్లు, అర గ్లాసు అయ్యేదాకా సన్న సెగ మీద. మా పట్టణంలో ముఫ్తీ సాబును కూడా అడిగాను. గడిచిన రెండేళ్లలో చదివిన నమాజులకు ఖజా అక్కర్లేదు, తౌబా (పశ్చాత్తాపం) చేసుకొని నిశ్చింతగా ఉండమనండి అన్నారు. అరిష్టానికి బదులు దొరికింది కాబట్టి ఇక అది వద్దన్నారు. దగ్గు మందు అవసరమైతే ఆల్కహాల్ లేనిది అడిగి కొనండి, దొరకకపోతే డాక్టరు చెప్పినంత తాగండి అన్నారు.

బియ్యం డబ్బా వెనక సీసాను అమ్మే తీసి తొట్టి దగ్గర ఒలకబోసింది. ఈ రోజు ఫజ్ర్ తరవాత మొదటి అర గ్లాసు కషాయం ఇచ్చాను. ఒక గుక్క తాగి ముఖమంతా చిట్లించి, "కాస్త బెల్లం ముక్క పెట్టరా" అంది. ఇవ్వలేదు. గ్లాసు పట్టుకొని వాకిట్లో కూర్చుంది, ఇంకా సగం ఉంది.